నానో జింక్, నానో యూరియా: పైరుకు ఎక్కడ మేలు, ఎక్కడ కీడు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నానో (అతి సూక్ష్మమైన కణాల) రూపంలోని జింక్ ఆక్సైడ్‌ను విత్తనానికి పట్టించినా, ఆకుల మీద కొట్టినా దిగుబడి పెరుగుతుందని ఒకచోట చదివారు. అదే పదార్థం వేర్లను చంపుతుందని ఇంకోచోట చదివారు. ఏది నమ్మాలి, వాడదలిస్తే ఎంత, ఎలా వాడాలి, ద్రవరూపంలో వచ్చే నానో యూరియా మామూలు యూరియాకు బదులవుతుందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీరు చదివిన రెండూ నిజమే. పైరుకు గ్రాముల్లో కావలసిన జింక్, రాగి లాంటి సూక్ష్మపోషకాలకు నానో రూపం పనికొస్తుంది, అదీ ఆ పోషకం లోపించినప్పుడు. కిలోల్లో కావలసిన నత్రజనికి పిచికారీ సీసా బదులు కాదు. ఇక విషం సంగతి మూడింటిని బట్టి ఉంటుంది: ఎంత మోతాదు, వేరుకు ఎంతసేపు తగిలింది, ఆ కణం నీటిలో కరిగే రకమా కాదా.

ముందు ఈ వైరుధ్యం ఎక్కడ నుంచి వచ్చిందో చూద్దాం. 2012లో వేరుశనగ మీద అచ్చైన ఒక అధ్యయనంలో సుమారు 25 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) జింక్ ఆక్సైడ్‌తో విత్తనాలను శుద్ధి చేశారు. 1000 పీపీఎం (లీటరుకు 1000 మి.గ్రా.) దగ్గర మొలక, మొక్క ఏపు రెండూ మెరుగుపడ్డాయి. 2000 పీపీఎం దగ్గర అదే పదార్థం ఎదుగుదలను అణిచేసింది. దానికి ఐదేళ్ల ముందు, 2007లో, ముల్లంగి, రేప్ (ఆవాల జాతి నూనెగింజ పంట), రై గడ్డి, లెట్యూస్, మొక్కజొన్న, దోస గింజలపై జరిగిన పరీక్షల్లో లీటరుకు 2000 మి.గ్రా. నానో జింక్ ఆక్సైడ్ వేరు పెరుగుదలను దాదాపు ఆపేసింది. వేరు పొడవును సగానికి తగ్గించడానికి ముల్లంగిలో లీటరుకు 50 మి.గ్రా. చాలింది. రేప్‌లో, రై గడ్డిలో 20 మి.గ్రా. దగ్గరే ఆ పని జరిగింది.

ఒకచోట 1000 మేలు చేస్తే, ఇంకోచోట 20 వేరును ఎలా కుంగదీసింది? 2007 పరీక్షల్లోనే దీనికి జవాబుంది. గింజను ఆ ద్రవంలో నానబెట్టిన దశలో పెద్ద నష్టం జరగలేదు. మొలకెత్తిన లేత వేరు అదే ద్రవంలో రోజుల తరబడి ఉన్నప్పుడు నష్టం జరిగింది. గింజకు తొక్క అడ్డు ఉంటుంది, లేత వేరుకొనకు అలాంటి అడ్డేమీ ఉండదు. రై గడ్డి వేర్లను సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు వేరుకొన ముడుచుకుపోయి, పైపొర జీవకణాలు కుంగిపోయి కనిపించాయి. అందుకే విత్తనశుద్ధి మోతాదును తీసుకెళ్లి నారుమడి నీటిలోనో మట్టి లేకుండా నీటిలోనే మొక్కలు పెంచే హైడ్రోపోనిక్ తొట్టిలోనో వాడకూడదు. ఇలా మోతాదును ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మార్చడం వల్లే ఎక్కువ నష్టాలు జరుగుతాయి.

ఇప్పుడు నానో కణం మొక్క లోపలికి ఎలా వెళుతుందో చూద్దాం. ఆకు మీది మైనపు పొరలో సహజంగా ఉండే సందులు కొద్ది నానోమీటర్లు మాత్రమే. వాటి గుండా అయాన్లు పోతాయి కానీ 30 నానోమీటర్ల కణం పోదు. కణానికి దారి పత్రరంధ్రమే. చిక్కుడు జాతి ఆకుల మీద చేసిన ప్రయోగంలో 43 నానోమీటర్ల కణాలు పత్రరంధ్రాల గుండా లోపలికి వెళ్లాయి, 1.1 మైక్రాన్ల (1100 నానోమీటర్ల) కణాలు వెళ్లలేదు. వేరు వైపు జీవకణాల గోడల్లోని ఇరుకు సందులు, లోపల కాస్పేరియన్ పట్టీ (వేరు లోపలి పొరలో నీరు చొరని కట్టు) అడ్డం ఉంటాయి. పక్కవేరు చీల్చుకుని బయటికి వచ్చే చోట ఏర్పడే పగులు మాత్రం కణాలకు తెరిచిన తలుపు లాంటిది.

లోపలికి వెళ్లాక ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యం. సోయా చిక్కుడును జింక్ ఆక్సైడ్, సీరియం ఆక్సైడ్ నానో కణాలు కలిపిన నేలల్లో పండించి, గింజలను ఎక్స్‌రే పద్ధతులతో పరీక్షించారు. జింక్ ఎక్కడా ఆక్సైడ్‌గా మిగల్లేదు, సిట్రేట్ (నిమ్మ ఆమ్లంతో కలిసిన రూపం) లాంటి రూపాల్లోకి మారిపోయింది. అంటే మొక్క దాన్ని మామూలు జింక్ లాగే వాడుకుంది. సీరియం మాత్రం చాలావరకు ఆక్సైడ్ కణంగానే గింజలో తేలింది. నానో పదార్థాలన్నిటినీ నేను ఈ గీత దగ్గరే రెండుగా విడదీస్తాను. కరిగి పోషకంగా మారేవి ఒక జట్టు: జింక్, రాగి, మాంగనీస్, మెల్లగా కరిగే సిలికా. కరగకుండా కణంగానే ఉండిపోయేవి ఇంకో జట్టు: టైటానియం డయాక్సైడ్, సీరియం ఆక్సైడ్, కార్బన్ గొట్టాలు. మొదటి జట్టు గురించి ఎరువుల లెక్కలో మాట్లాడవచ్చు. రెండో జట్టు ఎరువు కాదు. దాని ప్రభావం ఎంత ఆసక్తికరంగా ఉన్నా, తినే పంట మీద నేరుగా కొట్టమని నేను సలహా ఇవ్వను.

యూరియా లెక్క

నత్రజని 4 శాతం ఉన్న అర లీటరు నానో యూరియా సీసాలో ఉండేది 20 గ్రాముల నత్రజని. 50 కిలోల మామూలు యూరియాలో 46 శాతం చొప్పున 23 కిలోలు. తేడా వెయ్యి రెట్ల పైమాటే. ఒక టన్ను వరి ధాన్యం పండటానికి పైరు దాదాపు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. ఆకుల మీద పడిన ప్రతి గ్రామూ వృథా కాకుండా లోపలికి వెళ్లినా 20 గ్రాములు 20 గ్రాములే. సామర్థ్యం వంద శాతం దాటదు. 20 శాతం నత్రజని ఉన్న అర లీటరు సీసా అయినా 100 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. ఒకసారి యూరియా మానేసి సీసా కొట్టినా పైరు పచ్చగా ఉందంటే, నేలలో అప్పటికే నిల్వ ఉన్న నత్రజని దాన్ని మోసిందని అర్థం. ఆ నిల్వ తరిగాక గింజలో మాంసకృత్తులు, ఆ తర్వాత దిగుబడి తగ్గుతాయి.

దీన్ని హైడ్రాక్సీఅపటైట్ (కాల్షియం, భాస్వరం ఉన్న ఖనిజం) నానో కణాలకు యూరియాను పట్టించే పద్ధతితో కలిపి చూడకండి. 2017లో శ్రీలంక శాస్త్రవేత్తలు ప్రచురించిన ఆ పద్ధతిలో బరువులో ఆరు పాళ్ల యూరియాకు ఒక పాలు హైడ్రాక్సీఅపటైట్ ఉంటుంది. అక్కడ నత్రజని కిలోల్లోనే వేస్తారు, నానో కణం దాన్ని మెల్లగా వదలడానికి మాత్రమే. ఆ ఆలోచనకు గట్టి ఆధారం ఉంది. భాస్వరంలోనూ ఇలాంటి ఆశ ఉంది: 2014లో గ్రీన్‌హౌస్‌లో సోయా మీద చేసిన ప్రయోగంలో నానో అపటైట్ ఇచ్చిన మొక్కలు మామూలు భాస్వరం ఎరువు ఇచ్చిన వాటికంటే సుమారు 20 శాతం ఎక్కువ గింజ ఇచ్చాయి. అది కుండీల ఫలితమని మరవకూడదు. బంకమన్నుకు అతుక్కునే చోట అదే కణం అంత దూరం కదలదు.

జింక్ ఎంత, ఎలా

లెక్క ఇక్కడ కూడా ముందే వేసుకోవాలి. జింక్ ఆక్సైడ్‌లో 80 శాతం జింక్. లీటరుకు 100 మి.గ్రా. చొప్పున ఎకరానికి 200 లీటర్లు కొడితే పడేది 20 గ్రాముల ఆక్సైడ్, అంటే 16 గ్రాముల జింక్. లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి అదే 200 లీటర్లు కొడితే సుమారు 85 నుంచి 90 గ్రాముల జింక్ పడుతుంది. కిలోకు 25 మి.గ్రా. జింక్ ఉన్న గింజ మూడు టన్నులు పండితే గింజలోనే 75 గ్రాములు పొలం దాటిపోతాయి. కాబట్టి లోపం తీవ్రంగా ఉన్న నేలకు నానో పిచికారీ ఒక్కటే సరిపోదు, నేలలో జింక్ సల్ఫేట్ వేయక తప్పదు. నానో లాభం వేరే చోట ఉంది: లవణం లాగా ఒక్కసారిగా కాకుండా ఆకు మీద మెల్లగా కరుగుతుంది, అందుకని మాడటం తక్కువ. లోపం ఓ మోస్తరుగా ఉన్నప్పుడు, లేదా గింజలో జింక్ పెంచాలనుకున్నప్పుడు ఇది అక్కరకొస్తుంది.

కొట్టే ముందు ఆకు పరీక్ష చేయించండి. ఎండిన ఆకులో కిలోకు 15 నుంచి 20 మి.గ్రా. కంటే తక్కువ జింక్ ఉంటే ఫలితం కనిపించే అవకాశం ఎక్కువ. 30, 40 ఉన్న పైరుకు కొట్టడం దండగ. చాలా పైర్లలో 300 దాటితే విషమే, వేరుశనగ లాంటివి అంతకంటే ముందే దెబ్బతింటాయి.

ఆకు పిచికారీకి లీటరుకు 50 మి.గ్రా. జింక్ ఆక్సైడ్‌తో మొదలుపెట్టండి. 100 దాటవద్దు. వరిలో పిలకల దశ, మిగతా వాటిలో ఆకులు లేతగా ఉండి పూతకు రాకముందు కొట్టడం మంచిది. గింజలో జింక్ కావాలంటే పాలుపోసుకునే దశలో మరోసారి. పత్రరంధ్రాలు తెరిచి ఉండే ఉదయపు వేళ, గాలిలో తేమ ఉన్నప్పుడు కొట్టాలి. మిట్టమధ్యాహ్నం వద్దు. బొట్టు ఆరిపోవడం ఒక్కటే దానికి కారణం కాదు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రెండూ అతినీలలోహిత కాంతిలో చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తాయి, ఆకులోని జీవకణాల పొరలు వాటికి దెబ్బతింటాయి. ఆకు మీద నీరు జారిపోయే వరి, ఉల్లి, క్యాబేజీలకు తడిపే మందును 0.05 నుంచి 0.1 శాతం కలపండి, అంతకు మించితే ఆ మందే ఆకును మాడ్చుతుంది.

ట్యాంకులో నానో మిగులుతుందా అన్నది అసలు పరీక్ష. పొడిగా వచ్చే నానో పదార్థం డబ్బాలోనే గుంపుకట్టి ఉంటుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో 30 నానోమీటర్లుగా కనిపించిన కణం నీటిలో కొలిస్తే అనేక వందల నానోమీటర్ల ముద్దగా తేలడం మామూలే. కర్రతో కలిపితే ఆ ముద్ద విడిపోదు. అల్ట్రాసోనిక్ తొట్టిలో (చెవికి వినపడని ధ్వని తరంగాలతో ద్రవాన్ని కదిపే పరికరం) 20, 30 నిమిషాలు ఉంచి, చల్లబరిచి, అదే రోజు వాడాలి. ఆ పరికరం లేనివారు పొడి కొనడం మానేసి, కణాలకు పైపూత పూసి నిలకడగా చేసిన ద్రవమే తీసుకోవాలి. లేబుల్ మీద జింక్ శాతం, కణపు సైజు, ఆ సైజు నీటిలో కొలిచిందా పొడిలో కొలిచిందా, పూత ఏమిటి, జీటా పొటెన్షియల్ (కణాలు ఒకదాన్నొకటి నెట్టుకునే విద్యుత్ బలానికి కొలత) ఎంత అన్నవి ఉండాలి. జీటా విలువ ప్లస్ వైపో మైనస్ వైపో 30 మిల్లీవోల్టులు దాటితే కణాలు విడివిడిగా నిలుస్తాయని అంచనా వేయవచ్చు. "నానో" అన్న మాట తప్ప ఇవేవీ లేని సీసాకు దూరంగా ఉండండి.

నీరు కూడా తేడా తెస్తుంది. పైపూత లేని జింక్ ఆక్సైడ్ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 ప్రాంతంలో విద్యుదావేశం కోల్పోయి వెంటనే ముద్దకడుతుంది. పీహెచ్ 6 కంటే కిందకు దిగితే గబగబా కరిగిపోతుంది, అప్పుడు మీరు కొడుతున్నది ఖరీదైన జింక్ లవణం. 6.5 నుంచి 7.5 మధ్య ఉంచండి. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సిట్రేట్ లాంటి పూతలున్న కణాలను ఒకదానికొకటి అంటిస్తాయి, కాబట్టి చిక్కటి ద్రవాన్ని వాననీటిలోనో ఆర్‌ఓ నీటిలోనో కలిపి, ట్యాంకులో ఆఖరున పోయండి. ఫాస్ఫేట్ ఎరువుతో కలపొద్దు, జింక్ ఫాస్ఫేట్ అడుగున పేరుకుంటుంది.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ట్యాంకులో కలిపే నీటితోనే, అదే పాళ్లలో, గాజు సీసాలో ఒక లీటరు కలిపి రెండు గంటలు కదపకుండా ఉంచండి. అడుగున తెల్లటి పొర దిగి, పైన నీరు తేరుకుందంటే అందులో నానో ఏమీ మిగల్లేదు. అలాంటిది కొడితే నాజిల్ ఫిల్టర్‌లో ముద్ద, ఆకు మీద తెల్లటి మరకలు, ఒక మొక్కకు ఎక్కువ, ఇంకో మొక్కకు సున్నా. చాలాచోట్ల "నానో పని చేయలేదు" అన్న ఫిర్యాదు వెనుక ఉండేది ఇదే.

విత్తనాన్ని నానబెట్టే పద్ధతి అయితే లీటరుకు 20 నుంచి 50 మి.గ్రా. చాలు. గింజల బరువుకు రెట్టింపు ద్రవం తీసుకోండి. వరి, గోధుమ, మొక్కజొన్నలకు 8 నుంచి 12 గంటలు. పప్పుజాతులకు మూడు నాలుగు గంటలు మించొద్దు, ఎందుకంటే వేగంగా నీరు పీల్చి గింజ తొక్క, బద్ద పగులుతాయి. తీశాక ఒకసారి మంచినీటితో కడిగి, నానబెట్టక ముందున్న బరువుకు వచ్చేదాకా నీడలో ఆరబెట్టి, కొద్ది రోజుల్లోనే విత్తండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నానబెట్టడం వల్లే మొలక మెరుగవుతుంది, నీళ్లలో నానబెట్టినా సరే. అందుకే పొడి గింజతో పోల్చి "నానో వల్ల పెరిగింది" అనడం తప్పు. కనీసం నాలుగు వరుసలు పెట్టండి: ఒట్టి నీరు, జింక్ సల్ఫేట్, మామూలు జింక్ ఆక్సైడ్, నానో జింక్ ఆక్సైడ్. చివరి మూడింటిలో జింక్ సమానంగా ఉండాలి. లీటరుకు 50 మి.గ్రా. ఆక్సైడ్‌లో 40 మి.గ్రా. జింక్ ఉంటుంది. దానికి సమానం కావాలంటే ఏడు నీటి అణువులున్న శుద్ధమైన జింక్ సల్ఫేట్ సుమారు 177 మి.గ్రా. వేయాలి. ఒక్కో వరుసకు వంద గింజల చొప్పున నాలుగు సార్లు. ఏడో రోజున మొలక శాతంతో ఆపకుండా వేరు పొడవు కొలవండి. విషం మొదట కనిపించేది వేరులోనే, మొలక శాతం చాలా ఆలస్యంగా కదులుతుంది. నానో వరుస సల్ఫేట్ వరుసను దాటకపోతే మీకు కావలసింది జింక్ మాత్రమే, నానో కాదు. పరిశోధన పత్రం చదివేటప్పుడు నేను మొదట వెతికేదీ ఈ సల్ఫేట్ వరుసనే.

రెండో హెచ్చరిక: కుండీ మోతాదులను పొలానికి మార్చి చూడండి. ఎకరం నేల పై 15 సెంటీమీటర్లు సుమారు 900 టన్నులు తూగుతుంది. కిలో మట్టికి 100 మి.గ్రా. అంటే ఎకరానికి 90 కిలోలు. కిలోకు 500 మి.గ్రా. వేసి "దిగుబడి పెరిగింది" అంటే ఎకరానికి 450 కిలోల నానో పదార్థం వేసినట్టు. ఎవరూ అలా సాగు చేయరు. నేలలో నేరుగా వేయడం గురించి నా అభిప్రాయం ఇదే: ఆమ్ల నేలలో కణం కొద్ది రోజుల్లో కరిగిపోతుంది కాబట్టి లవణం చాలు. సున్నపు నేలలో పీహెచ్ ఒక్క మెట్టు పెరిగితే జింక్ కరిగే గుణం సుమారు వంద రెట్లు పడిపోతుంది, నానో అయినా ఆ రసాయనాన్ని తప్పించుకోలేదు. రెండు చోట్లా ఆకు, విత్తనం దారులే మేలు.

మోతాదు మించితే ఏం కనిపిస్తుందో గుర్తుపెట్టుకోండి. లేత ఆకుల్లో ఈనెల మధ్య పసుపు మొదలవుతుంది. ఇనుము లోపంలా ఉంటుంది, నిజానికి జింక్ ఇనుమును అడ్డుకోవడం వల్ల వచ్చే లోపమే అది. దాన్ని చూసి ఇంకో డోసు జింక్ కొడితే పైరు చేతులారా పోతుంది. బొట్టు ఆరిన అంచున గోధుమరంగు వలయాలు, ఆకుకొనలు మాడటం ఇంకో గుర్తు. మొక్కను పెకలిస్తే వేర్లు పొట్టిగా, లావుగా, గోధుమరంగులో, మూలకేశాలు పలచబడి ఉంటాయి. అందుకే పొలమంతా కొట్టే ముందు ఒక వరుసకు కొట్టి వారం రోజులు ఆగండి.

మిగతా పదార్థాల గురించి క్లుప్తంగా. రాగికి హద్దు చాలా ఇరుకు: ఆకులో కిలోకు 5 మి.గ్రా. లోపు లోపం, 20, 30 దాటితే విషం. అయినా ఆశ కలిగించే ఫలితం ఒకటుంది. అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ ప్రయోగ కేంద్రం పనిలో వంగ, టమాటా నారు ఆకుల మీద నానో రాగి ఆక్సైడ్ కొట్టి, ఎండు తెగులు ఉన్న నేలలో నాటారు, మొక్కలు తెగులును మెరుగ్గా తట్టుకున్నాయి. అక్కడ రాగి శిలీంధ్రాన్ని నేరుగా చంపలేదు, మొక్క రక్షణకు కావలసిన పోషకంగా పని చేసింది. సిలికా నానో కణాలు మెల్లగా సిలిసిక్ ఆమ్లాన్ని వదులుతూ మొక్క తనంతట తాను తెగులును ఎదుర్కొనే శక్తిని మేల్కొలుపుతాయి. అన్నిటిలో నాకు భయం తక్కువ ఉన్నది ఇదే.

వెండిని పంటకు వాడొద్దు. అది సూక్ష్మజీవులను చంపడానికే పనికొచ్చే పదార్థం. నేలలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా దానికి ముందుగా బలవుతుంది. సీరియం ఆక్సైడ్ సంగతి పప్పుజాతుల వారు తప్పక తెలుసుకోవాలి: 2012లో సోయా మీద జరిగిన పనిలో కిలో నేలకు 0.5 నుంచి 1 గ్రాము సీరియం ఆక్సైడ్ కలిపితే వేరుబుడిపెల్లో నత్రజని స్థిరీకరణ దాదాపు ఆగిపోయింది. పైకి మొక్క బతికే ఉంది, కింద దాని నత్రజని కార్ఖానా మూతపడింది. అందుకని రైజోబియం (వేరుబుడిపెల్లో నత్రజనిని స్థిరీకరించే బ్యాక్టీరియా) పట్టించిన విత్తనానికి ఏ లోహపు నానో పదార్థాన్నీ కలపకండి. జింక్ కావాలంటే బుడిపెలు ఏర్పడ్డాక ఆకుల మీద కొట్టండి. ఆకుకూరల మీద మాత్రం ఏ నానో పిచికారీ వద్దు, ఆకు మడతల్లో అంటుకున్న కణాలు కడిగినా పూర్తిగా పోవు.

పొడిని తెరిచేటప్పుడు గాలి ఆడని గదిలోనూ వద్దు, ఫ్యాను కింద కూడా వద్దు. ఎన్95 లేదా అంతకు మించిన మాస్క్, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. పొడిని నీటిలోకి దులపకండి, ముందు కొద్ది నీటితో ముద్దగా తడిపి తర్వాత పలచన చేయండి. తడిశాక ఊపిరిలోకి పోయే ప్రమాదం చాలా తగ్గుతుంది, పిచికారీ తుంపర మాత్రం మళ్లీ ముఖానికి తగలకుండా చూసుకోవాలి. మిగిలిన ద్రవాన్ని, ట్యాంకు కడిగిన నీటిని చెరువులోకో కాలువలోకో వదలొద్దు. జింక్, రాగి చేపలకూ నీటి పురుగులకూ అతి తక్కువ మోతాదులోనే విషం. అదే పైరు గట్టు వెంబడి పలచగా చల్లేయండి.